ఆరోగ్య రొట్టె, చదువు రొట్టె: ఇంటి దగ్గర చూసుకున్న ఒక ప్యాంక్రియాస్ క్యాన్సర్ కేసు

కుటుంబం ఒప్పుకున్నాకే ఈ కేసు రాస్తున్నా. ఊరి పేరు రాయట్లేదు, మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చేశా. నేను నెల్లూరు చుట్టుపక్కల మండలాల్లో ఇళ్ళకెళ్ళి చూసే పాలియేటివ్ కేర్ (ముదిరిన జబ్బుల్లో నొప్పి, బాధ తగ్గించే వైద్యం) టీమ్‌లో నర్సుని. మేము ఏ ఇంటికి పోయినా చెప్పులు విప్పకముందే ఎవరో ఒకరు వాకిట్లోకి వచ్చి మెల్లిగా చెప్పే మాట ఒకటుంది, "లోపల చెప్పబాకండి సిస్టర్, తెలిస్తే మనిషి ఆశ వదిలేస్తాడు" అని. ఈ పెద్దాయన ఇంట్లో కూడా అదే మాటతో మొదలైంది. కానీ ఆయనకి ఆశ ఎప్పుడు పడిపోయిందో ఎప్పుడు లేచిందో మే నుంచి సెప్టెంబర్ దాకా దగ్గరగా చూశా, నిజం తెలియడం వల్ల అది పోలేదు, నొప్పి వల్ల పోయింది, ఇంట్లో విషయాల్లో తనని పక్కన పెట్టేయడం వల్ల పోయింది. ఇది మా ఫీల్డ్‌లో ఉన్నవాళ్ళకంటే ఇంట్లో ఇలాంటి మనిషిని చూసుకుంటున్న వాళ్ళకి ఎక్కువ పనికొస్తుందని కాస్త వివరంగా రాస్తున్నా.

పెద్దాయనకి 62 ఏళ్ళు. పెన్నా డెల్టాలో, కోవూరు వైపు, మూడెకరాలు సొంతం, ఇంకొంచెం కౌలు, తరతరాలుగా వరే. భార్య, చెన్నైలో ఉద్యోగం చేసే కొడుకు, పక్క మండలంలో ఇచ్చిన కూతురు. ఆ కూతురి కూతురు నెల్లూరులో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతూ నీట్‌కి ప్రిపేర్ అవుతుంది. చలికాలంలో ఆయనకి కళ్ళు పచ్చబడ్డాయి, ఒళ్ళంతా దురద, మూత్రం ముదురు రంగు. పచ్చకామెర్లే కదా అని పసరు తాగించారు, పత్యం పెట్టారు, నెల దాటినా తగ్గకపోగా మనిషి సగమైపోయాడు. చెన్నై తీసుకెళ్ళి సీటీ తీయిస్తే ప్యాంక్రియాస్ (క్లోమం) తల దగ్గర గడ్డ, పక్కనున్న రక్తనాళాన్ని చుట్టేసుకుని ఉంది, లివర్‌లో మచ్చలు. బయాప్సీలో అడినోకార్సినోమా అనే రకం క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్‌కి వీల్లేదన్నారు. పైత్యం దిగే గొట్టం మూసుకుపోయింది కాబట్టి దాన్ని తెరిచి ఉంచడానికి స్టెంట్ (చిన్న గొట్టం) వేశారు, దాంతో పచ్చదనం, దురద తగ్గాయి. కీమో మొదలుపెట్టారు గానీ రెండు సైకిల్స్‌కే మంచం దిగలేని పరిస్థితి వచ్చింది, ఆపేసి ఇంటికి పంపారు.

ఆయనకి మాత్రం "లివర్‌కి వాపు వచ్చింది, కామెర్లు ముదిరాయి" అని చెప్పారు. స్టెంట్ వేశాక కళ్ళు తెల్లబడ్డాయి కాబట్టి, కామెర్లు తగ్గిపోయాయి ఇక నువ్వు తినాలి అంతే, అని ఇంట్లో అందరూ ఒకటే పాట. అసలు చిక్కంతా అక్కడే మొదలైంది. కామెర్లు తగ్గాయి అంటున్నారు, కడుపులో నుంచి వీపుకి పొడుచుకుపోయే నొప్పి మాత్రం రోజురోజుకీ ఎక్కువవుతుంది. తగ్గిన జబ్బు ఇంత బాధ ఎందుకు పెడుతుందో ఆయనకి అర్థం కాదు, ఎవర్నడిగినా సమాధానం లేదు.

మేము మొదటిసారి వెళ్ళినప్పుడు ఆయన పడుకుని లేడు. మంచం మీద కూర్చుని ముందు రెండు దిండ్లు పెట్టుకుని వాటి మీదకి వాలి ఉన్నాడు. ప్యాంక్రియాస్ నొప్పి అలాగే ఉంటుంది, వెల్లకిలా పడుకుంటే ఎక్కువ, ముందుకు వంగితే కాస్త తెరిపి. వారాల తరబడి ఆయన నిద్ర అదే. నొప్పి పదికి ఎంతుంటుంది అంటే రాత్రిళ్ళు ఎనిమిది, తొమ్మిది అన్నాడు. ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర నొప్పి ఇంజెక్షన్లు, ట్రామడాల్ మాత్రలు నడుస్తున్నాయి, రెండు మూడు గంటలు పనిచేసి దిగిపోతున్నాయి. తిన్నది జిడ్డుగా విరేచనం అవుతుంది. మాట్లాడేటప్పుడు మొహంలోకి చూడడు. రేపు ఏం చేయాలని ఉంది అని అడిగితే ఒక్క ముక్క చెప్పాడు, "తెల్లారకుండా ఉంటే బాగుండు అమ్మాయ్."

దీన్ని చాలామంది డిప్రెషన్ అని రాసేస్తారు. ఉండొచ్చు, మేము కూడా దాని మీద ఒక కన్నేసి ఉంచాం. కానీ నా అభిప్రాయం ఏంటంటే రాత్రంతా నొప్పితో కూర్చున్న మనిషి దగ్గర ముందే ఆశ గురించి, మనసు గురించి మాట్లాడటం అన్యాయం, నొప్పి దిగాక మాట్లాడాలి. కే హెర్త్ అనే నర్సింగ్ పరిశోధకురాలు 1990లో చావుకి దగ్గరలో ఉన్న 30 మందితో మాట్లాడి, వాళ్ళ ఆశని ఏది నిలబెడుతుంది ఏది చంపేస్తుంది అని రాశారు. చంపేసేవి మూడు: అదుపులో లేని నొప్పి, ఒంటరిగా వదిలేయడం, మనిషిని మనిషిగా లెక్కలోకి తీసుకోకపోవడం. ఆ మూడూ ఆ రోజు ఆ గదిలోనే ఉన్నాయి. మూడో దానికి కారణం ఎవరి దుర్మార్గమూ కాదు, అందరి ప్రేమే. ఆయన్ని ఏదీ అడగడం మానేశారు. ఎడగారు పంటకి (మా వైపు ఎండాకాలంలో వేసే రెండో వరి) ఏ విత్తనం పోశారో, ఎరువులు ఎక్కడ తెచ్చారో, వడ్లు అమ్మిన డబ్బులు ఎంతొచ్చాయో, "నీకెందుకు నాయనా, నువ్వు రెస్ట్ తీసుకో" అనేవాళ్ళు. నలభై ఏళ్ళు పుట్టి వడ్ల ధర కనుక్కోకుండా అన్నం తినని మనిషి ఆయన.

డాక్టరు గారు మార్ఫిన్ మొదలుపెట్టారు. లివర్ సంగతి తెలుసు కాబట్టి తక్కువలో, 10 ఎంజీ మాత్రలో సగం, నాలుగ్గంటలకోసారి: పొద్దున ఆరు, పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు, రాత్రి పదికి డబుల్ డోసు, అర్ధరాత్రి లేపకుండా. దాంతో పాటు కచ్చితంగా విరేచనం మాత్ర, ఎందుకంటే మార్ఫిన్‌కి మలబద్ధకం తప్పదు, అది పట్టించుకోకపోతే నాలుగో రోజుకి నొప్పి కంటే అదే పెద్ద గోల అవుతుంది. మొదటి కొన్నాళ్ళు వాంతికి మాత్ర. తిన్నది అరగడానికి అన్నంతో పాటు ఎంజైమ్ క్యాప్సూల్స్. ఆకలి కోసం కొద్దిరోజులు స్టెరాయిడ్.

మార్ఫిన్ పేరు వినగానే కొడుకు ఫోన్‌లో భయపడిపోయాడు. "అది ఇచ్చారంటే ఇంక అయిపోయినట్టే కదా సిస్టర్?" ఇది కూడా ప్రతి ఇంట్లో వినే మాటే. నోటి మాత్ర, నొప్పికి తగ్గట్టు కొంచెం కొంచెం పెంచుకుంటూ ఇస్తే ప్రాణం తీయదు, అలవాటు పడి పిచ్చెక్కడం కూడా ఇలాంటి నొప్పికి సరిగ్గా ఇచ్చినప్పుడు చాలా అరుదు. 2014లో ఎన్‌డీపీఎస్ చట్టాన్ని (మత్తుమందుల నియంత్రణ చట్టం) సవరించాక, గుర్తింపు ఉన్న వైద్య సంస్థలు పద్ధతి ప్రకారం దీన్ని తెప్పించుకుని ఇవ్వొచ్చు, దొంగతనంగా ఇచ్చే మందేం కాదు. ఇంకో విషయం కూడా ఆ అబ్బాయికి చెప్పా. అమెరికాలో ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 151 మంది మీద చేసిన స్టడీ 2010లో వచ్చింది, మొదట్నుంచే పాలియేటివ్ కేర్ అందినవాళ్ళు బాధ తక్కువగా ఉండటమే కాదు, సగటున రెండు నెలలకి పైగా ఎక్కువ బతికారు. ఇది వేరే క్యాన్సరు, మీ నాన్నకి అలాగే జరుగుతుందని మాటివ్వను, కానీ మేము వస్తే మనిషి తొందరగా పోతాడనే భయం మాత్రం పెట్టుకోబాకు అన్నా.

డోసు పూర్తి మాత్రకి పెంచాక ఆయన రాత్రి పక్కకి తిరిగి పడుకున్నాడు. భార్య మాకు ఫోన్ చేసి, నిద్రలో ఉన్న మనిషికి ఊపిరి ఉందో లేదో అని రెండుసార్లు లేచి చూశానని చెప్పింది, అంత అలవాటు తప్పిపోయింది ఆ ఇంట్లో నిద్ర. ఆ తర్వాత వెళ్ళినప్పుడు ఆయన అరుగు మీద ఉన్నాడు. నన్ను చూడగానే ఆయనే అడిగాడు, "కాలవకి నీళ్ళు సరిగ్గా వదులుతుండారా, దోవలో చూశావా అమ్మాయ్?" తెల్లారకుండా ఉంటే బాగుండు అన్న మనిషే. ఇక్కడ గమనించాల్సింది, ఈ మధ్యలో ఆయనకి ఎవరూ ఏ మంచి వార్తా చెప్పలేదు, ఏ ధైర్యమూ నూరిపోయలేదు. నొప్పి దిగింది, అంతే.

హెర్త్ తయారు చేసిన పన్నెండు ప్రశ్నల స్కేలు ఒకటి ఉంది, చాలా దేశాల్లో వాడతారు. మేము దాన్ని కాగితం మీద మార్కులు వేసేలా వాడం, ఊళ్ళో పెద్దవాళ్ళ ముందు ఫారం పెడితే ఆధార్ కార్డు తెమ్మంటారేమో అన్నట్టు బిగుసుకుపోతారు. అందులో విషయాల్నే మాటల్లో కలుపుతాం. నీకు ఎవరున్నారు, ఏ పని మిగిలింది, ఏం తల్చుకుంటే బాగుంటుంది, ఏం తల్చుకుంటే భయం. ఆయన చెప్పినవి: ఎడగారు కోత చూడాలి. కౌలు లెక్క తేల్చాలి. మనవరాలు డాక్టరమ్మ కావాలి. రొట్టెల పండక్కి పోవాలి. బాగవ్వాలి అన్నది కూడా ఉంది, అది చివర్లో చెప్పాడు, చెప్పి నా మొహంలోకి చూశాడు. నేను ఏమీ అనకుండా "ఊ" అన్నా.

కొడుకుతో ఈ లోపల ఒక ఒప్పందం చేసుకున్నాం. నాకై నేను ఆయనకి జబ్బు పేరు చెప్పను, కానీ ఆయన సూటిగా అడిగితే అబద్ధం చెప్పను. ఆ అబ్బాయికి కోపం వచ్చింది, రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు. ఆ కోపాన్ని తప్పుపట్టలేను, తండ్రికి చెడ్డ మాట తన నోటి గుండా పోకూడదని ఏ కొడుకైనా అనుకుంటాడు. తర్వాత తనే చేశాడు. "ఆయన అడిగితే నేను ఊళ్ళో ఉన్నప్పుడు చెప్పండి" అన్నాడు. అది న్యాయమైన కోరిక, సరే అన్నాం.

జులైలో రొట్టెల పండగ. బయట జిల్లాల వాళ్ళకి తెలియకపోవచ్చు కాబట్టి రెండు ముక్కలు. మొహర్రం నెలలో నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో దిగి రొట్టెలు మార్చుకుంటారు. పోయినేడు కోరిక తీరినవాళ్ళు రొట్టె తెచ్చి ఇస్తారు, ఈ యేడు అదే కోరిక ఉన్నవాళ్ళు తీసుకుని తింటారు, కోరిక తీరాక వచ్చే యేడు వచ్చి రొట్టె వదలాలి. ఆరోగ్య రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె, ఉద్యోగ రొట్టె, చదువు రొట్టె, ఇల్లు రొట్టె ఇలా. హిందువులు, ముస్లింలు అని లేదు, అందరూ వస్తారు, లక్షల్లో జనం.

ఆయన పోతానన్నాడు, ఇంట్లో వద్దన్నారు. మా టీమ్‌లో కూడా ఇద్దరికి ఇష్టం లేదు, ఆ గుంపులో ఏదన్నా అయితే ఎట్టా అని. నాకు మాత్రం పంపాలనే అనిపించింది, ఇంట్లో మంచం మీద కూడా ఏదన్నా అవ్వొచ్చు కదా. ప్లాన్ చేశాం: పొద్దున్నే జనం తక్కువ ఉన్నప్పుడు, ఆరింటి మాత్ర వేసుకుని బయల్దేరడం, నొప్పి వస్తే వేసుకోడానికి జేబులో ఒక ఎక్స్‌ట్రా డోసు, గొడుగు, చక్రాల కుర్చీ, చెరువులోకి దిగకుండా మెట్ల మీద నుంచే. కూతురు, భార్య, మనవరాలు తోడు.

అక్కడ జరిగింది కూతురు నాకు చెప్పింది. భార్య ఆయన కోసం ఆరోగ్య రొట్టె తీసుకుంది. ఆయన నోట్లో కూడా పెట్టింది, తిన్నాడు. తర్వాత ఆయన తనకై తను అడిగి చదువు రొట్టె తీసుకున్నాడు, సగం మనవరాలికి ఇచ్చి సగం తిని, ఆ పిల్లతో "వచ్చే యేడు సీటొచ్చినాక ఈ రొట్టె నువ్వే తెచ్చి వదలాల, మర్చిపోబాక" అన్నాడట. మనం వద్దాం తాతా అని ఆ పిల్ల అంటే, "నువ్వు వస్తావు గదా, చాలు" అన్నాడట. ఆ మాటతో కూతురికి అర్థమైపోయింది, నాయనకి తెలుసు అని.

ఆ వారంలోనే కొడుకు ఊరికి వచ్చాడు. డాక్టరు గారు, నేను వెళ్ళాం. ఇలాంటి మాటలకి ఒక పద్ధతి ఉంది, ముందు ఆయనకి ఏం తెలుసో అడగాలి, ఎంతవరకు తెలుసుకోవాలని ఉందో అడగాలి, ఆ తర్వాతే చెప్పాలి. డాక్టరు గారు మొదటి ప్రశ్న అడిగేసరికే ఆయన చెప్పేశాడు. "గడ్డ. క్యాన్సరు. చెన్నైలో నా పక్క మంచం ఆయనకి కూడా ఇదే గొట్టం ఏసినారు, వాళ్ళోళ్ళు ఆయనకి చెప్పినారు. వీళ్ళు బాధపడతారని నేను తెలీనట్టే ఉండా." అంటే ఇన్ని నెలలూ ఇంటిల్లిపాదీ ఆయన్ని కాపాడుతున్నాం అనుకుంటుంటే, ఆయన ఒంటరిగా కూర్చుని వాళ్ళందర్నీ కాపాడుకుంటూ వచ్చాడు. ఎన్నాళ్ళుందో అడిగాడు. ఏళ్ళు కాదు, బహుశా కొద్ది నెలలు, తక్కువ కూడా కావచ్చు, అని డాక్టరు గారు చెప్పారు. ఆయన కొడుకు వైపు తిరిగి అన్న మొదటి మాట: "ఏడవబాక అబ్బయ్యా. పాస్ పుస్తకం ఆ ట్రంకు పెట్టెలో ఉండాది, పట్టుకురా."

తర్వాత రెండు మూడు వారాలు ఆ ఇల్లు చూడాలి. కౌలు లెక్క తేలింది. సొసైటీ అప్పు ఎంతుందో రాయించాడు. వీలునామా రాయించాడు. భార్య పేరు మీద ఎకరం ఉండాలని పట్టుబట్టాడు, కొడుకు మొదట కొంచెం నొచ్చుకున్నాడు, తర్వాత ఒప్పుకున్నాడు. చిన్నప్పటి స్నేహితుడొకడు, ఏదో గట్టు తగాదాలో మాటల్లేని మనిషి, వచ్చి అరుగు మీద కూర్చుని పోయాడు. 2008లో అమెరికాలో 332 మంది మీద వచ్చిన స్టడీలో, చివరి రోజుల గురించి డాక్టర్లతో మాట్లాడుకున్న పేషెంట్లకి డిప్రెషన్ ఎక్కువేమీ రాలేదని, ఐసీయూ, వెంటిలేటర్ లాంటివి మాత్రం తగ్గాయని తేలింది. చదివినప్పుడు అది ఒక ఫైండింగ్, ఈ ఇంట్లో ట్రంకు పెట్టె చుట్టూ కూర్చున్న నలుగుర్ని చూశాక దాని అసలు బరువు తెలిసింది.

ఇక్కడితో ఆయన అన్నీ ఒప్పేసుకుని ప్రశాంతంగా ఉన్నాడని రాస్తే అది అబద్ధం. వీలునామా మీద సంతకం పెట్టిన మర్నాడే నన్ను అడిగాడు, "టీవీలో ఏదో కొత్త మందు చెప్తుండారు, ఇమ్యూనో అంట, అది మనకి పనికిరాదా?" ఆ మధ్యలో ఎవరో నాటువైద్యుడు అరవై వేలు తీసుకుని నలభై రోజుల్లో గడ్డ కరిగిస్తానన్నాడు, దానికి భార్య గాజులు తాకట్టు పెట్టడానికి సిద్ధం. కొత్తగా ఈ పని నేర్చుకునే పిల్లలు ఇలాంటప్పుడు కంగారుపడి, "ఆయనకి సరిగ్గా అర్థం కాలేదు, మళ్ళీ చెప్పాలి" అంటారు. ఆయనకి అంతా అర్థమైంది. పొద్దున వీలునామా రాయించిన మనిషే సాయంత్రం కొత్త మందు అడగొచ్చు, రెండూ నిజాలే, మనిషి మనసు ఒకేసారి రెండు కాలవలకి నీళ్ళు పారిస్తుంది. ఒక దాన్ని మూసేయడం నా పని కాదు.

ఇమ్యునోథెరపీ గురించి ఉన్నదున్నట్టు చెప్పాం. ప్యాంక్రియాస్ క్యాన్సర్‌లో అది చాలా కొద్దిమందికే పనిచేస్తుంది, దానికి గడ్డలో ఒక మార్కరు (టెస్టులో తెలిసే గుర్తు) ఉండాలి, చెన్నైలో ఆ టెస్టు చేశారు, ఆయన రిపోర్టులో అది లేదు. నాటుమందు విషయంలో వద్దు అని ఒక్కసారిగా అనలా. అది తాగితే ఏం మానేయాలంటున్నాడు అని అడిగాం. ఇంగ్లీషు మందులన్నీ ఆపేయాలన్నాడట. "అంటే రాత్రి మాత్ర కూడానా?" అని ఆయనే అడిగి, ఆయనే వద్దన్నాడు. గాజులు మిగిలాయి. పసుపు, ఇంట్లో చేసుకునే కషాయం లాంటివి ఉంటే కొద్దిగా వేసుకోమన్నాం, భార్యకి చేతిలో ఒక పని ఉంటుంది.

ఆగస్టు మూడో వారం నుంచి పొట్టలో నీరు. ఒకసారి తీయించాం, ఆయాసం తగ్గింది, మళ్ళీ చేరింది. ఎక్కిళ్ళు మాత్రం మమ్మల్ని బాగా సతాయించాయి, మందులు మార్చినా పూర్తిగా ఆగలేదు. మింగలేని స్థితి వచ్చాక మార్ఫిన్‌ని చర్మం కింద ఇంజెక్షన్‌గా మార్చాం, చిన్న సూది అలాగే ఉంచి దాని గుండా ఇవ్వడం కూతురికి నేర్పించాం, మొదట చేతులు వణికాయి, తర్వాత నాకంటే నెమ్మదిగా ఇచ్చేది. హాస్పిటల్‌కి తీసుకుపోవద్దని ఆయన ముందే చెప్పి ఉన్నాడు, చెప్పి ఉన్నాడు కాబట్టే ఆఖరి రాత్రి కొడుకు అంబులెన్స్‌కి ఫోన్ చేయలేదు. లేకపోతే చేసేవాడు, ఏ కొడుకైనా చేస్తాడు.

కోత ఆయన చూడలేదు. పక్క చేలో మిషను దిగింది, ఆయన చేను ఇంకో వారానికి గానీ కోతకి రాదు, ఆ లోపలే సెప్టెంబర్ మొదట్లో పోయాడు. ముందు రోజు కొడుకు కొన్ని వెన్నులు తెచ్చి చేతిలో పెడితే, ఆయన గింజ నలిపి చూసి, "తాలు తక్కువే" అన్నాడని చెప్పారు. అదే ఆయన స్పష్టంగా మాట్లాడిన చివరి మాట అంటారు, నేనక్కడ లేను.

పోయాక కూడా మేము కొన్నాళ్ళు ఆ ఇంటికి వెళ్తాం, కేసు అక్కడితో మూసేయం. కొడుకు ఇప్పుడు ఇంకో పేషెంటు కొడుక్కి ఫోన్‌లో మాట్లాడి ధైర్యం చెప్పే స్థితిలో ఉన్నాడు. అయినా తనకి ఒక అనుమానం పోలేదు, చెప్పకపోయి ఉంటే ఇంకో నెల బతికేవాడేమో అని. నేను అలా అనుకోను, అదే చెప్పా, తను ఒప్పుకోవాలని పట్టుబట్టలా. భార్య పరిస్థితి వేరు. ఆరోగ్య రొట్టె తీసుకున్న చెయ్యి ఆమెది. "నేనింక ఆ చెరువు కాడికి పోను సిస్టరమ్మా" అంది. ఆమెకి ఏ మాట చెప్పినా అతకదు, వెళ్ళి కాసేపు కూర్చుంటున్నాం.

నాకు ఇప్పుడు ఎక్కువ దిగులున్నది మనవరాలి గురించి. దసరా సెలవులకి వచ్చినప్పుడు చూశా, బాగా చిక్కిపోయింది, రాత్రి రెండు దాకా చదువుతుందంట, మాక్ టెస్టులో మార్కులు తగ్గితే అన్నం మానేస్తుందంట. కదిపితే చెప్పింది, సీటు రాకపోతే తాత రొట్టె వదలలేను కదా ఆంటీ, ఆయన మాట పోతుంది కదా అని. ఆయనకి చివరి నెలల్లో ఊపిరి పోసిన కోరిక ఈ పిల్ల మెడకి బరువైంది. మా చదువుల్లో పేషెంటు ఆశ గురించి ఎంతో ఉంటుంది, అది ఎవరి మీద వాలుతుందో, పోయినాక అది ఏమవుతుందో మేము ఇంకా బాగా పట్టించుకోవాలి. తల్లిని కూర్చోబెట్టి మాట్లాడా. హాస్టల్ మాన్పించి కొన్నాళ్ళు ఇంటి నుంచి కాలేజీకి పంపడానికి ఒప్పుకుంది. ఆ పిల్లకి తాత తనతో వేరే ఏమేం మాట్లాడేవాడో రాయమని ఒక నోట్‌బుక్ ఇచ్చా, చదువు గురించి కాకుండా. మొదటి పేజీలో చెరుకు రసం బండి దగ్గర ఎప్పుడూ ఐస్ వద్దనేవాడని రాసింది. మా టీమ్‌లో కౌన్సిలర్ వారం వారం తనతో ఫోన్‌లో మాట్లాడుతున్నారు, మే నెలలో పరీక్ష అయ్యేదాకా, రిజల్ట్ వచ్చాక కూడా కొన్నాళ్ళు, ఈ ఫైలు తెరిచే ఉంచుతున్నాం.